గ్లిమిపిరైడ్, సిటాగ్లిప్టిన్: పెరటాసి శనివారానికి ఏది మేలు?

సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే తమిళ నెల పెరటాసి వచ్చిందంటే మా మందుల షాపులో షుగర్ మాత్రల గురించి ప్రశ్నలు ఎక్కువవుతాయి. తిరుపతిలో చాలా ఇళ్లలో ఆ శనివారాలు పూజ ముగిసేదాకా పచ్చి గంగ ముట్టరు. మాత్ర మాత్రం అలవాటు కొద్దీ పొద్దున్నే గొంతులో పడుతుంది.

పోయిన వారం ఒక రిటైర్డ్ మాస్టారు రెండు స్ట్రిప్పులు తెచ్చి బల్ల మీద పక్కపక్కన పెట్టారు. ఆయనది గ్లిమిపిరైడ్, ఆయన భార్యది సిటాగ్లిప్టిన్. "రెండూ క్లోమం చేత ఇన్సులిన్ వదిలించేవే అంటున్నారు. మరి ఆమెకు ఖరీదైనది, నాకు చవకది ఎందుకు నాయనా? ఏది మేలు?" వెనక నిలబడ్డ అమ్మగారు "మందులో కూడా నాతో పోటీయే" అని నవ్వారు.

పని ఒకటే అయినా దారులు వేరు. ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలకు ప్రధానమైన కబురు గ్లూకోజ్ నుంచే అందుతుంది. గ్లూకోజ్ కణంలోకి చేరి ఖర్చయ్యే కొద్దీ ఏటీపీ అనే ఇంధనం పెరుగుతుంది. ఏటీపీ పెరిగితే కణం గోడలో పొటాషియం బయటికి పోయే ద్వారాలు మూసుకుంటాయి. దాంతో గోడ మీది విద్యుత్తు మారి, కాల్షియం లోపలికి వస్తుంది. కాల్షియం రాగానే ఇన్సులిన్ నిండిన సంచులు రక్తంలోకి ఒలికిపోతాయి. చక్కెర తగ్గిందంటే పొటాషియం ద్వారాలు తెరుచుకుని, ఇన్సులిన్ రావడం తగ్గిపోతుంది.

గ్లిమిపిరైడ్ నేరుగా వెళ్లి ఆ పొటాషియం ద్వారాన్నే మూసేస్తుంది. ఒంట్లో చక్కెర ఉందా, మనిషి తిన్నాడా అని అడగదు. ఈ కుటుంబం మందులు దొరికిందే ఒక అపాయం వల్ల. 1942లో ఫ్రాన్స్‌లోని మాంపెల్లియేలో టైఫాయిడ్ రోగులకు ఒక సల్ఫా మందు ఇస్తే వాళ్ల రక్తంలో చక్కెర పడిపోయింది. ఆ గుణమే ఇవాళ్టికీ దీని బలం, దీని ప్రమాదం కూడా.

సిటాగ్లిప్టిన్‌ది బుర్రకథలో వంతపాట లాంటి వ్యవహారం. అన్నం పేగులోకి దిగగానే అక్కడి కణాలు జీఎల్‌పీ-1 అనే హార్మోన్‌ను వదులుతాయి. అది బీటా కణం దగ్గర గ్లూకోజ్ పాటకు వంత పాడుతుంది. కథకుడు నోరు విప్పకపోతే వంతకు పనేముంది? అందుకే చక్కెర తక్కువగా ఉన్నప్పుడు ఇన్సులిన్ పెద్దగా రాదు. పైగా భోజనం తర్వాత క్లోమంలోని ఆల్ఫా కణాలు వదిలే, చక్కెరను పెంచే గ్లూకగాన్‌ను కూడా ఇది తగ్గిస్తుంది. చిక్కేమిటంటే జీఎల్‌పీ-1 ఆయుష్షు రెండు నిమిషాలే. డీపీపీ-4 అనే ఎంజైమ్ దాన్ని ముక్కలు చేసేస్తుంది. సిటాగ్లిప్టిన్ ఆ ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది, అంతే.

చక్కెరను గట్టిగా దించడంలో గ్లిమిపిరైడ్‌దే పైచేయి. కాస్త బరువు పెంచుతుంది. సిటాగ్లిప్టిన్ పేటెంటు 2022లో ముగిశాక ధర బాగా దిగింది గానీ, గ్లిమిపిరైడ్ అంత చవక మాత్రం కాలేదు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు సిటాగ్లిప్టిన్ మోతాదు తగ్గించాలి. ఇక చవక మందు గుండెకు చేటు అనే మాట మా ఊళ్లో ప్రతి అరుగు మీదా వినబడుతుంది. సిటాగ్లిప్టిన్ కుటుంబానిదే అయిన లినాగ్లిప్టిన్‌ను గ్లిమిపిరైడ్‌తో ఆరు వేల మందికి పైగా రోగుల్లో ఆరేళ్లకు మించి పోల్చి చూసిన కరోలినా అధ్యయనం 2019లో వెలువడింది. గుండెపోటు, పక్షవాతం విషయంలో రెండింటికీ తేడా కనబడలేదు. కానీ చక్కెర పడిపోయిన ఘటనలు గ్లిమిపిరైడ్ వాడినవాళ్లలో 37.7 శాతం మందికి, లినాగ్లిప్టిన్ వాడినవాళ్లలో 10.6 శాతం మందికి ఎదురయ్యాయి.

ఆ అంకెల అర్థం నాకు అలిపిరి మెట్ల మీద తెలిసింది. మా పిన్ని ఒక శనివారం గ్లిమిపిరైడ్ వేసుకుని, ఏమీ తినకుండా మెట్లెక్కింది. గాలిగోపురం చేరేలోపే చీర తడిసేంత చెమట, చేతుల్లో వణుకు, పలకరిస్తే కోపం. ఆ చెమట, వణుకు ఒళ్లు చేసే ఎదురు ప్రయత్నమే: అడ్రినలిన్ బయలుదేరి బీటా కణాన్ని ఆగమంటుంది, గ్లూకగాన్‌ను రమ్మంటుంది. కానీ మాత్ర ద్వారాన్ని మూసి పట్టుకుంది కదా! నా సంచిలోని మీటరు 52 చూపించింది. 70 కన్నా తగ్గినా జాగ్రత్తపడాల్సిందే. పక్కనున్న భక్తురాలు లడ్డూ అందించింది. మనసు మంచిదే గానీ, లడ్డూలోని నెయ్యి చక్కెర ఒంటికి పట్టడాన్ని ఆలస్యం చేస్తుంది. మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాను. పదిహేను నిమిషాలకు "ఎందుకురా అందరూ నన్నే చూస్తున్నారు?" అంది. ఆ తర్వాత లడ్డూ కూడా తినిపించి, కిందికి దింపుకొచ్చాను.

అందుకే నా లెక్కలో ఉపవాసాలుండేవాళ్లకు, ఒంటరిగా ఉండే ముసలివాళ్లకు, తిండికి వేళాపాళా లేనివాళ్లకు సిటాగ్లిప్టిన్ మేలు. వేళకు తిని, నెలనెలా డబ్బు చూసుకోవలసిన మనిషికి గ్లిమిపిరైడ్‌ను తీసిపారేయనక్కర్లేదు.

"అయితే మార్చమంటావా?" అన్నారు మాస్టారు.

"మీ షుగర్ అదుపులోనే ఉంది, వేళ తప్పకుండా తింటారు. మార్చాలో లేదో డాక్టరుగారు చెప్పాలి. శనివారం మాత్ర వేసుకోవాలా, తగ్గించాలా అన్నది మాత్రం ఆయన్ని ముందే అడిగి రండి."

అమ్మగారు ముందుకు వచ్చారు. "గ్లూకోజ్ పొడి డబ్బా ఒకటి ఇవ్వు నాయనా. అడిగి వచ్చేలోగా ఈయన సంచిలో వేసి ఉంచుతాను."