పాత కారు పెట్రోలు ట్యాంకుకు చిల్లు పడితే వెల్డింగా, మాటు (సోల్డరింగు) వేయడమా, మార్పిడా?

మా ఇంటి కారు 1997 నాటి మారుతి 800. విజయనగరం నుండి గజపతినగరంలోని బడికి ఏళ్ల తరబడి నన్ను మోసిన బండి కనుక దానిని అమ్మే మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు. రెండేళ్ల క్రితం వానాకాలంలో ఒక ఉదయం షెడ్డు తలుపు తీయగానే పెట్రోలు వాసన గుప్పుమంది. వంగి చూస్తే ట్యాంకు అడుగున, రెండు రేకులు కలిసే అంచు దగ్గర, చెమట పట్టినట్లు తడి కనిపించింది. చుక్క రాలడం లేదు. గుడ్డతో తుడిస్తే ఆరిపోయి, ఐదు నిమిషాలకు మళ్లీ తేలుతోంది. ఆ తడిని ఆపడానికి ముగ్గురిని అడిగితే మూడు మార్గాలు చెప్పారు. ఆ మూడింటినీ, తరువాత నేను తెలుసుకున్న మరి రెండింటినీ ఇక్కడ పక్కపక్కన పెట్టి తూచి చూస్తున్నాను.

మొదట కలిసిన వెల్డింగు మేస్త్రీ మాట సూటిగా ఉంది. "పెట్రోలు తీసేసి నీళ్లతో కడిగేస్తాను, రెండు టాకాలు వేస్తాను, ఏటీ అవదు మాస్టారూ" అన్నాడు. ముప్పై ఏళ్లుగా అదే పని చేస్తున్న మనిషి. అబద్ధమాడుతున్నాడని నేను అనుకోలేదు. అయితే ఇన్నాళ్లూ ఏమీ కాకపోవడం తప్ప అతని ధీమాకు వేరే ఆధారం లేదు. అందుకే ఏ పద్ధతి ఎంత గట్టిదన్న లెక్కకు ముందు, ఏ పద్ధతిలో నిప్పు ట్యాంకుకు ఎంత దగ్గరగా వస్తుందన్న లెక్క చూడాలి.

నిండు ట్యాంకు కన్నా ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం. ఈ మాట వినగానే నమ్మబుద్ధి కాదు కానీ, కాలేది ద్రవరూపంలోని పెట్రోలు కాదు, గాలితో కలిసిన దాని ఆవిరి. గాలిలో ఆ ఆవిరి సుమారు 1.4 నుండి 7.6 శాతం మధ్య ఉన్నప్పుడు అంటుకుంటుంది. పెట్రోలు నిండుగా ఉన్న ట్యాంకులో పైన మిగిలిన చోటంతా ఆవిరితో చిక్కగా ఉండి గాలి చాలదు. పెట్రోలు తీసేసి మూత తెరవగానే గాలి లోపలికి చేరి, ఆ మిశ్రమం సరిగ్గా పేలే పాళ్లకు వస్తుంది. ముప్పై లీటర్ల ట్యాంకులో ఆ పాళ్లు రావడానికి రెండు మూడు మిల్లీలీటర్ల పెట్రోలు, అంటే టీ చెంచాలో సగం, ఆవిరైతే చాలు. అంతపాటి పెట్రోలు అంచు మడతల్లోనూ, లోపలి అడ్డురేకుల వెనకా, తుప్పు పొరల కిందా ఎప్పుడూ దాగి ఉంటుంది. ముక్కుకు వాసన తగలనంతగా కడిగిన ట్యాంకు కూడా రేకు వేడెక్కగానే ఆ దాగినదానిని ఆవిరిగా వదులుతుంది. మైనస్ 40 డిగ్రీల దగ్గరే అంటుకునే ఆవిరినిచ్చే ద్రవానికి మన ఊరి ఎండ ఒక లెక్క కాదు. ఆ ఆవిరి గాలి కన్నా మూడు నాలుగు రెట్లు బరువు కనుక పైకి ఎగిరిపోదు. నేల మీద పాకుతూ పోయి సర్వీసు గోతిలో చేరి కూర్చుంటుంది. షెడ్డులో ఆ మూల వెలుగుతున్న టీ స్టవ్వు కూడా దానికి నిప్పే.

డీజిలు బండ్లవారు ఈ భయం తమకు లేదనుకుంటారు. చల్లగా ఉన్న డీజిలు అగ్గిపుల్లకు అంటుకోదన్నది నిజమే. వెల్డింగు వేడికి మాత్రం అదీ ఆవిరవుతుంది, పైగా నిప్పురవ్వ లేకుండా కేవలం వేడికే అంటుకునే ఉష్ణోగ్రత డీజిలుకు పెట్రోలు కన్నా తక్కువ.

ఇక వెల్డింగు విషయం. బాగా చేస్తే దానికి మించిన గట్టిదనం వేరే పద్ధతికి లేదు, ఇందులో వాదన లేదు. బాగా చేయడమంటే ఏమిటన్నదే అసలు ప్రశ్న. ముందు బ్యాటరీ తీగ విప్పి, పెట్రోలును ఆరుబయట లోహపు డబ్బాలోకి దింపి (నోటితో గొట్టం పీల్చి కాదు), ట్యాంకును బండి నుండి పూర్తిగా ఊడదీయాలి. గేజీ ఫ్లోటు, రబ్బరు గొట్టాలు, మూత అన్నీ తీసేయాలి. వేడినీళ్లు, డిటర్జెంటుతో పలుమార్లు కడగాలి. ఆవిరి పట్టించగలిగితే ఇంకా మేలు. కడగడంతో పని సగమే అయినట్లు. వెల్డింగు పడే చోటు పైకి వచ్చేలా ట్యాంకును నిలబెట్టి, ఆ చోటికి కాస్త కింద వరకు నీళ్లు నింపి, వేడికి లోపలి గాలి వ్యాకోచించి పోవడానికి మూతులన్నీ తెరిచే ఉంచాలి. మిగిలిన కాస్త ఖాళీలో ఆర్గాన్ లాంటి జడవాయువును నెమ్మదిగా, పని ముగిసేదాకా ఆపకుండా వదులుతూ ఉండాలి. ఆ జడవాయువు వదలడానికి ముందే, మండే ఆవిరిని కొలిచే గ్యాస్ మీటరు లోపల పెట్టి సున్నా చూపిస్తోందని నిర్ధారించుకోవాలి. నిన్న సున్నా చూపించిన మీటరును ఈ రోజు మళ్లీ పెట్టాలి, ఎందుకంటే రాత్రికి రాత్రి మడతల్లోని మిగులు ఆవిరై ఉండవచ్చు. పెట్రోలు మోసే లారీ ట్యాంకర్లకు నిప్పుతో మరమ్మతు చేయాలంటే, లోపల ఆవిరి లేదని అర్హుడు పరీక్షించి ధ్రువపత్రం ఇవ్వాలని పెట్రోలియం నిబంధనలు, 2002 కోరుతున్నాయి. కారు ట్యాంకును చేతబట్టుకుని వెళ్లే మనలను ఆ కాగితం ఎవరూ అడగరు. లోపలి ఆవిరి మాత్రం రెండింటిలోనూ ఒకటే.

జడవాయువుకు బదులుగా నడుస్తున్న ఇంకో బండి సైలెన్సరు పొగను గొట్టంతో ట్యాంకులోకి పంపి వెల్డింగు చేసే అలవాటు ఒకటి ఉంది. పొగలో ప్రాణవాయువు తక్కువగా ఉంటుందన్న ఊహ మీద నడిచే పద్ధతి ఇది. ఎంత తక్కువో ఎవరూ కొలవరు, ఇంజను ఒక్క క్షణం తడబడితే ఆ ఊహ కూడా మిగలదు, పీల్చేవారికి కార్బన్ మోనాక్సైడు విషం అదనం. మంటలార్పే కార్బన్ డయాక్సైడు సిలిండరును ట్యాంకులోకి ఒక్కసారిగా కొట్టడం కూడా తప్పే. ఆ వేగానికి మంచుపలుకులతో కలిసి వచ్చే వాయువు స్థిర విద్యుత్తును పుట్టిస్తుంది, ఆ రవ్వే ఆవిరిని ముట్టించగలదు. తుప్పు పోగొట్టడానికి ఆసిడ్ పోసేవారు మరొక సంగతి గుర్తుంచుకోవాలి. ఇనుము మీద ఆసిడ్ పనిచేసినప్పుడు హైడ్రోజన్ పుడుతుంది, అది పెట్రోలు ఆవిరి కన్నా సులువుగా పేలుతుంది.

ప్రమాదాన్ని పక్కన పెట్టినా, పాత ట్యాంకు రేకు వెల్డింగుకు అంత అనువైనది కాదు. రేకు మందం మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. దాని మీద తుప్పు పట్టకుండా సీసం, తగరం కలిపిన పూత ఉండటం పాత ట్యాంకులలో మామూలు. ఆర్క్ తగలగానే ఆ సీసం పొగై లేస్తుంది, అతుకు శుభ్రంగా కూర్చోదు. లోపలి నుండి తుప్పు తిన్న చోట రాడ్డు పెడితే చిల్లు పూడకపోగా, అంచులు కరిగి పావలా బిళ్లంతది రూపాయి బిళ్లంత అవుతుంది.

రెండవ సలహా ఎపాక్సీ ముద్ద. రెండు ముద్దలు కలిపి పిసికి చిల్లు మీద అద్దితే గంటలో రాయిలా బిగుస్తుంది, నిప్పు అవసరమే లేదు, నడి రోడ్డు మీద ఆగిన బండిని ఊరు చేర్చడానికి ఇంతకన్నా సురక్షితమైనది లేదు. నేనూ మొదట అదే చేశాను. ఇరవై రోజులకు చీపురుపల్లి నుండి వస్తుండగా మళ్లీ వాసన వచ్చింది. చూస్తే ముద్ద ఒక పక్క గోరుతో లేపినట్లు లేచి ఉంది. తప్పు నాదే, కారుతున్న చోట పెయింటు గీకకుండా, తడి ఆరకుండా అద్దాను. అయినా అదురుకూ, వేడికీ, పెట్రోలుకూ ఏళ్ల తరబడి తట్టుకుంటుందని దాని మీద భారం వేయలేము.

ఇలాంటిదే లోపలి పూత. ట్యాంకును కడిగి, తుప్పు తీసి, లోపల ఒక రసాయనం పోసి అన్ని వైపులా తిప్పితే అది పొరగా గట్టిపడుతుంది. ఊడిన పూత పెచ్చులుగా లేచి పెట్రోలు ఫిల్టరును మూసేస్తుంది కనుక లోపలి తుప్పును ఆనవాలు లేకుండా తీయగలవారే దీనికి పూనుకోవాలి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాలు ఉంటుంది. దానిని తట్టుకుంటుందని డబ్బా మీద రాసి ఉన్నదే కొనాలి. ఇథనాలు తేమను పీల్చుకుంటుంది కనుక నెలల తరబడి సగం ట్యాంకుతో నిలిపి ఉంచిన పాత బండ్లలో అడుగున నీరు చేరి తుప్పు త్వరపడుతుంది. భావనపాడు, కళింగపట్నం వైపు సముద్రపు ఉప్పుగాలి తినే బండ్లకు తుప్పు బయటి నుండీ వస్తుంది.

మూడవ మనిషి రేడియేటర్లు బాగుచేసే పెద్దాయన. ఆయన చెప్పినది మాటు. బిందెలకూ, రేడియేటర్లకూ వేసే మాటే ఇది. సీసం, తగరం కలిసిన ఆ లోహం 183 డిగ్రీల దగ్గర కరగడం మొదలవుతుంది. ఉక్కును కరిగించే వెల్డింగు 1,500 డిగ్రీలకు చేరాలి, ఇత్తడి కరిగించి అతికే బ్రేజింగుకు కూడా 900 దరిదాపులకు చేరాలి. ఈ తేడా వల్ల రేకు వంకరపోదు, పాత పూత కూడా సీసం, తగరమే కనుక మాటు దానిని ఇట్టే పట్టుకుంటుంది. బలం తక్కువ కనుక పెద్ద చిల్లుకు పనికిరాదు. అంచు మడతలో సూదిమొన చిల్లులకు, పైన చిన్న రేకు ముక్క వేసి అతికించగల చోట్లకు ఇది సరిపోతుంది. అయితే కాలిన మాటు కడ్డీ కూడా పెట్రోలు ఆవిరిని ముట్టించగలదు. బ్లోలాంపు మంట అయితే చెప్పనే అక్కరలేదు. కనుక ఊడదీయడం, కడగడం, నీళ్లు నింపడం, మీటరు పెట్టడం ఇక్కడా తప్పవు. మీటరు లేని చోట ట్యాంకు ఇవ్వకపోవడమే మంచిది.

ఆ పెద్దాయన పని మొదలుపెట్టే ముందు చేసినది నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది. కడిగి ఆరబెట్టిన ట్యాంకును బోర్లించి, స్క్రూడ్రైవరు పిడితో అడుగంతా జానెడు జానెడు దూరంలో తట్టుకుంటూ పోయాడు. మంచి రేకు కంచులా పలికింది. అంచు దగ్గర రెండు వేళ్ల వెడల్పున మాత్రం మట్టికుండలా మొద్దుగా పలికితే, అక్కడ మొనతో గట్టిగా పొడిచాడు. మొన దిగలేదు. "దిగిందంటే ఇది తీసి పారెయ్యడమే మాస్టారూ, మాటు వేసినా పక్కన ఇంకోటి పడుద్ది" అన్నాడు. నవాసాగరంతో కడ్డీ మొన శుభ్రం చేసి, మడత పొడవునా వేలెడు మేర గీకి మెరిపించి, సన్నటి ధారలా మాటు పోశాడు.

మా బావగారి అంబాసిడర్‌కు అదే పరీక్ష నరసన్నపేటలో చేయిస్తే మొన మూడు చోట్ల దిగింది. అప్పుడు మార్పిడి తప్ప మార్గం లేదు. మారుతి 800 అయినా అంబాసిడర్ అయినా తయారీ 2014లోనే ఆగిపోయింది. 800కు విడిభాగాలు ఇప్పటికీ సులువుగా దొరుకుతాయి. అంబాసిడర్‌కు విశాఖపట్నం పాత సామాను కొట్లు తిరగాలి. పాత ట్యాంకు కొనేటప్పుడు గేజీ కన్నం లోంచి చూసి, కాఫీ పొడిలా తుప్పు రాలుతుంటే వదిలేయాలి. ఖర్చులో మాటు వందల్లో, మార్పిడి వేలల్లో తేలుతుంది. ఏ ట్యాంకూ దొరకని అరుదైన బండికి, కుళ్లిన అడుగు మొత్తం కోసేసి కొత్త రేకు వేయవలసి వస్తే అప్పుడు వెల్డింగుకు వెళ్లవచ్చు, అదీ పైన చెప్పిన జాగ్రత్తలన్నీ అడగకముందే చేసే చోటికి. కొత్త బండ్లలో ఉండే ప్లాస్టిక్ ట్యాంకులకు మార్పిడే మేలు.

మాటు ఆరాక మూతులన్నీ బిగించి, సైకిలు పంపుతో పీడనం రెండు మూడు పీఎస్ఐ మించకుండా గాలి ఎక్కించి, సబ్బు నురగ రాసి చూశాము; కంప్రెసరు గాలి పెడితే మంచి అతుకు కూడా చిట్లుతుంది. బుడగ రాలేదు. బండికి బిగించాక సగం పెట్రోలు పోసి, షెడ్డులో అడుగున పాత దినపత్రిక పరిచి ఉంచాను. మూడవ రోజు ఉదయానికి కూడా కాగితం పొడిగానే ఉంది.