ఔలులో ఐదు రోజులు

"ఫిన్లాండ్ దాకా వెళ్ళి రొవానియెమి చూడకుండా వచ్చేశారా?" అని ఇప్పటికి పదిమందైనా అడిగారు. చూడలేదు. శాంటా క్లాజ్ ఊరు అక్కడే ఉందని, ఆర్కిటిక్ వృత్తం గీత మీద నిలబడి ఫొటో దిగొచ్చని తెలుసు. మేం వెళ్ళిన ఔలు అనే ఊరూ ఆ దేశంలోదే, అక్కణ్ణుంచి రైలెక్కితే రెండున్నర గంటల దూరం. కానీ మా పిన్నిగారబ్బాయి ఔలు యూనివర్సిటీలో ఎమ్మెస్ చదివి అక్కడే ఉద్యోగంలో చేరాడు, నాలుగేళ్ళుగా "రా అన్నయ్యా, వదినని తీసుకుని రా" అంటున్నాడు. వాడి ఫ్లాట్ ఒకటే గది కాబట్టి బస బయట చూసుకున్నాం. ఫిబ్రవరి ఆఖరి వారంలో ఐదు రోజులు ఆ ఒక్క ఊళ్ళోనే గడిపాం. చూడదగ్గ చోట్ల జాబితా పట్టుకుని వెళ్తే ఔలు ఒకటిన్నర రోజుల్లో అయిపోతుంది. మిగతా మూడున్నర రోజులు ఏం చేశామన్నదే ఈ కథ.

హెల్సింకి నుంచి విమానంలో గంట. మేం రైల్లో వెళ్ళాం, సుమారు ఆరు గంటలు. రెండంతస్తుల బోగీ, పై అంతస్తు కిటికీ సీటు. టాంపెరే దాటాక గంటలకొద్దీ ఒకటే దృశ్యం: మంచు, సన్నటి బిర్చ్ చెట్లు, మళ్ళీ మంచు. మా ఆవిడ మొదటి గంటలో నలభై ఫొటోలు తీసి తర్వాత నిద్రపోయింది. టికెట్ ముందుగా కొంటే చవక. మేం నెల ముందు కొన్నాం, మనిషికి ముప్ఫై యూరోలలోపే పడింది. ప్రయాణానికి రెండ్రోజుల ముందు చూస్తే అదే సీటు రెట్టింపు చూపిస్తోంది.

మొదటి రెండు రాత్రులకు ఒక అద్దె ఫ్లాట్ బుక్ చేశాం. తప్పు అక్కడే జరిగింది. రాత్రి పదిన్నరకి చేరాం, బయట మైనస్ పద్నాలుగు. తాళంచెవి గోడకున్న చిన్న పెట్టెలో ఉంటుంది, నంబర్లు తిప్పితే తెరుచుకుంటుంది అని మెసేజ్ వచ్చింది. నంబర్లు తిరగలేదు. పెట్టె గడ్డకట్టింది. ఓనరు ఫోనెత్తలేదు. నా ఫోను ఆ చలికి నలభై శాతం చార్జింగ్ ఉండగానే ఆరిపోయింది. ఇది ముందే తెలిసి ఉంటే బాగుండేది: అక్కడ ఫోను లోపలి జేబులో, ఒంటికి ఆనించి పెట్టుకోవాలి. ఇద్దరం సూట్‌కేసులతో గుమ్మం ముందు నిలబడి ఉంటే, కుక్కను తిప్పడానికి దిగిన ఓ పెద్దావిడ మమ్మల్ని చూసి, పెట్టెను చూసి, ఏమీ మాట్లాడకుండా మళ్ళీ పైకి వెళ్ళింది. టెన్షన్ పడ్డాం, ఎవరికో ఫోన్ చేస్తోందేమోనని. రెండు నిమిషాల్లో వేలెడంత సీసాతో దిగింది. తాళాల్లో మంచు కరిగించే ద్రవమట, చలికాలంలో అక్కడ చాలామంది ఇళ్ళలో ఉండేదే. నాలుగు చుక్కలు వేసి, ఆగి, తిప్పింది. "నో నీన్" అంది. పెట్టె తెరుచుకుంది. ఆ రెండు ముక్కలకి అర్థం తర్వాత తమ్ముణ్ణి అడిగితే నవ్వాడు. "మనం 'సరే మరి' అంటాం కదన్నయ్యా, అది. పని మొదలెట్టేముందూ అదే, అయ్యాకా అదే, విసుగొచ్చినా అదే."

ఫ్లాట్ లోపల మాత్రం వంక పెట్టడానికి లేదు. మూడు పొరల కిటికీ అద్దాలు, కాళ్ళకు చలి తెలియని నేల, వంటగది. కుక్కర్ లేదు గానీ గిన్నెలో పప్పన్నం చేసుకున్నాం. మూడో రోజు స్టేషన్ దగ్గరి హోటల్‌కి మారాం. శుక్ర, శని రాత్రుల రేటు వారం మధ్య కన్నా తక్కువ చూపించింది. ఆఫీసు పనుల మీద వచ్చేవాళ్ళ ఊరు ఇది, శని ఆదివారాలు గదులు ఖాళీ. పొద్దున టిఫిన్‌లో ఓట్స్ జావ, నాలుగు రకాల రొట్టె, చేపలు, ఎంత తాగితే అంత కాఫీ. పిల్లలతో వెళ్తే నల్లికారి బీచ్ పక్కన ఏడాది పొడవునా తెరిచి ఉండే కాటేజీలు ఉన్నాయి. మేం బయట నుంచి చూశామంతే. ఫిన్లాండ్‌లో కాటేజీ తీసుకునేటప్పుడు దుప్పట్లు, చివరి రోజు శుభ్రం చేసే చార్జీ అద్దెలో కలిసి ఉన్నాయో లేదో చూసుకోవాలి. చాలాచోట్ల విడిగా వేస్తారు. మళ్ళీ వెళ్తే మొదటి రాత్రి హోటల్లోనే దిగుతాను, మనిషి కూర్చున్న రిసెప్షన్ ఉన్నచోట.

ఇక సైకిళ్ళు. ఔలు జనాభా రెండు లక్షల పైచిలుకు. సైకిల్ దారులు 900 కిలోమీటర్లకి పైనే. చలికాలంలో సైకిల్ తొక్కడం మీద అంతర్జాతీయ సదస్సు 2013లో మొదటిసారి జరిగింది ఈ ఊళ్ళోనే. ఇవన్నీ వెళ్ళేముందు చదివాను, నమ్మలేదు. మర్నాడు ఏడున్నరకి కిటికీలోంచి చూస్తే కింద దారి మీద స్కూలు పిల్లలు వరసగా వెళ్తున్నారు, వీపున బ్యాగులు, సైకిళ్ళకి ముందు తెల్ల లైట్లు, వెనక ఎర్రవి. ఒక ముసలాయన హ్యాండిల్‌కి పాల సంచీ తగిలించుకుని వెళ్తున్నాడు. ఎవరి మొహంలోనూ సాహసం చేస్తున్న భావం లేదు. మన ఊళ్ళో వానలో గొడుగేసుకుని నడిచినంత మామూలుగా.

నేనూ ఒకటి అద్దెకు తీసుకున్నాను, రోజుకి పాతిక యూరోలు. టైర్లలో చిన్న చిన్న ఇనుప మేకులు. కిటుకు దారిలో ఉంది. మంచునంతా గీకెయ్యరు. పైపొర తోసేసి, కిందిది గట్టిగా నొక్కి, గరుకు చేసి, మీద సన్నటి కంకర చల్లుతారు. బాగా చలిగా ఉంటే ఆ మంచు పొడిగా, పంచదారలా కరకరలాడుతుంది, చక్రం జారదు. జారేది సున్నాకి అటూ ఇటూ ఉన్న రోజున, కరిగి మళ్ళీ గడ్డకట్టినప్పుడు. నాలుగో రోజు సరిగ్గా అలాగే అయింది, వంతెన దిగుతూ పడ్డాను. మోచెయ్యి కమిలింది. వెనక వస్తున్న అమ్మాయి ఆగి, నేను లేచి నిలబడేదాకా చూసి, తలూపి వెళ్ళిపోయింది. అది నిర్లక్ష్యం అనుకోకండి. లేవకపోతే దిగేదే.

సిటీ సెంటర్ నుంచి లిన్నన్‌మాలోని యూనివర్సిటీకి అరగంట తొక్కాను. 6జీ మీద పెద్ద పరిశోధన 2018 నుంచి అక్కడ నడుస్తోంది. నోకియా రేడియో పరికరాల పనీ ఈ ఊళ్ళోనే. అందుకే మనవాళ్ళు కనిపిస్తారు. క్యాంటీన్‌లో మా వెనక టేబుల్ నుంచి "ఒరేయ్, ఆ డీబగ్ లాగ్ పంపలేదేంట్రా" అని వినపడేసరికి మా ఆవిడ కాఫీ ఒలకబోసుకుంది.

తిండి విషయంలో ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు: లంచ్. రెస్టారెంట్లు వారం మధ్యలో సుమారు 11 నుంచి 2 దాకా 'లౌనస్' పెడతాయి. సలాడ్, సూప్, రొట్టె, ఒకటో రెండో కూరలు, కాఫీ అన్నీ కలిపి మాకు పదమూడు యూరోలు. రెండు దాటాక అదే చోట రాత్రి మెనూ, రేటు రెట్టింపు. మొదటి రోజు 2:10కి వెళ్ళి ఖాళీ ట్రేలు చూసి వచ్చాం. మా ఆవిడ శాకాహారి. గిన్నెల పక్కన చిన్న చీటీల మీద అక్షరాలుంటాయి. ఆవిడ 'వీఎల్' అని చూసి వీగన్ కాబోలని గరిటె నిండా వడ్డించుకుంది. అందులో మాంసం ముక్క తగిలింది. 'వీఎల్' అంటే లాక్టోజ్ తక్కువ అని మాత్రమే! వీగన్ కావాలంటే 'వీఈ'గానీ పూర్తి మాటగానీ వెతకాలి. అనుమానం వస్తే అడగాలి, ఇంగ్లిష్‌లో చక్కగా చెప్తారు. ఊరి సొంత వంట రొస్సిపొట్టు: రక్తంతో చేసిన పుడ్డింగు, బంగాళాదుంపలు, పంది మాంసం వేసిన పులుసు. నేను రుచి చూశాను, మిరియాలు పడితే ఇంకా బాగుండేదనిపించింది. ఆవిడ పక్క టేబుల్‌కి మారిపోయింది.

ఆవిడ మనసు గెలిచింది లేయ్‌పాయూస్తో అనే చీజ్. సంతచౌకులో 1901లో కట్టిన ఎర్ర ఇటుకల మార్కెట్ హాలుంది. దాన్లో ఒక కొట్టావిడ ముక్క కోసి ఇచ్చింది. పైన కాల్చిన మచ్చలు, కొరికితే పళ్ళ కింద కీచుమంటుంది. పాతరోజుల్లో దీన్ని ఈనిన ఆవు చిక్కటి పాలతో చేసేవారట. అంటే జున్నుపాలు! ఆ మాట వినగానే మా ఆవిడ ఇంకో ముక్క అడిగింది. బెల్లం, యాలకులు ఉండవు. వేడి చేసి క్లౌడ్‌బెర్రీ జామ్‌తో తింటారు, పులుపు తీపి కలిసి. ఇంటికి రెండు పొట్లాలు తెచ్చాం. బార్లీ రొట్టె 'రియెస్కా' కూడా కొనండి, పల్చగా, మన రొట్టెకి దూరపు చుట్టం. హాలు మాత్రం తొందరగా మూస్తారు, పొద్దున్నే వెళ్ళాలి.

హాలు ముందు లావుపాటి పోలీసు కంచు బొమ్మ ఉంటుంది, తోరిపొల్లీసి. పర్యాటకుల ఫొటోలన్నీ అక్కడే, మావి కూడా. పక్కన ఉప్పు, ధాన్యం దాచిన పాత ఎర్ర చెక్క గోదాములు, ఇప్పుడు కాఫీ షాపులు. ఈ ఊరు 1605లో స్వీడన్ రాజు తొమ్మిదో కార్ల్ పెట్టింది. ఒకప్పుడు సంపద అంతా పైన్ తారుదే. లోపలి అడవుల్లో తీసి, పీపాలకెత్తి, నది మీద పొడవాటి పడవల్లో తెచ్చి, ఇక్కణ్ణుంచి ఐరోపా ఓడలకు అమ్మేవారు. 1822 మంటల్లో ఊరు చాలావరకు కాలిపోయింది. హెల్సింకిని తీర్చిదిద్దిన ఆర్కిటెక్ట్ ఎంగెల్ ఇక్కడి కెథడ్రల్‌ని తిరిగి డిజైన్ చేశాడు. చూడ్డానికి పది నిమిషాలు చాలు. ఆ తారు వాసన మాత్రం ఇప్పటికీ వదల్లేదు: షాంపూలో, చాక్లెట్లలో. తారు చాక్లెట్ నోట్లో వేసుకుంటే సికింద్రాబాద్ ప్లాట్‌ఫాం చివర పాత రైలు పట్టాల చెక్క దిమ్మలు గుర్తొచ్చాయి.

నల్లికారి బీచ్‌కి రెండుసార్లు వెళ్ళాం. బోత్నియా అఖాతం పైభాగంలో నీళ్ళకు ఉప్పు తక్కువ, ఏటా గడ్డకడుతుంది. ఇసుక ఎక్కడ అయిపోయిందో, సముద్రం ఎక్కడ మొదలైందో తెలియలేదు. జనం స్కీల మీద, తోపుడు స్లెడ్జీల మీద తిరుగుతున్నారు. గుంట తవ్వి గాలం వేసిన ఒకాయన మెడలో రెండు చిన్న పిడులు వేలాడుతున్నాయి. చివర్లలో మేకులు. మంచు విరిగి నీళ్ళలో పడితే వాటితో గుచ్చి పట్టుకుని పైకి పాకాలట. అది చూశాక మా ఆవిడ ఒడ్డు దాటలేదు. ఉత్తర కాంతుల కోసం రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా నిలబడ్డాం. మబ్బు. ఐదు రాత్రుల్లో ఒక్కసారీ కనిపించలేదు. "నిన్న మీరు పడుకున్నాక వచ్చాయేమో వదినా" అన్నాడు తమ్ముడు, తిట్లు తిన్నాడు.

హైలువోతో ద్వీపానికి వెళ్ళడం మాత్రం ఈసారి తప్పు లెక్క. సముద్రం బాగా గడ్డకట్టిన ఏడాది మంచు మీదే కారు దారి వేసేవారు. దాని మీద సీటు బెల్టు పెట్టుకోకూడదు, ఎక్కడా ఆగకూడదు. ఈసారి తెరవలేదు, ఫెర్రీలో వెళ్ళాం. మాకు టికెట్ పడలేదు, కారుకీ పడలేదు. అరగంట పాటు మంచు పలకలు పడవ పక్కలకి రుద్దుకుంటుంటే ఇనప పెట్టె ఈడ్చినట్టు చప్పుడు. అదొక్కటే బాగుంది. అవతల మర్యానియెమి లైట్‌హౌస్ దాకా ముప్ఫై కిలోమీటర్లు, వెళ్తే ఈదురుగాలి, మూసేసిన కేఫ్. కారులో కూర్చుని హోటల్ నుంచి తెచ్చుకున్న బ్రెడ్డు తిన్నాం. వేసవిలో అయితే వెళ్ళండి. చలికాలంలో ఫ్లాస్కు లేకుండా వద్దు.

ఐదు రోజుల్లో అన్నిటికన్నా నచ్చింది డబ్బు పెట్టి కొన్నది కాదు. తమ్ముడి అపార్ట్‌మెంట్ కింద ఉమ్మడి సౌనా ఉంది. గోడ మీద కాగితం, ఏ రోజు ఏ గంట ఏ ఇంటిదో రాసి. వాడిది శుక్రవారం ఏడింటికి. నేను షార్ట్స్ వేసుకుని తయారయ్యాను. "అన్నయ్యా, లోపల అవి వేసుకోరు. టవల్ తెచ్చుకో, కూర్చోడానికి." ముందు స్నానం, తర్వాత చెక్క మెట్ల మీద పై వరస. రాళ్ళ మీద గరిటెడు నీళ్ళు పోస్తే వచ్చే ఆవిరికి వాళ్ళు పెట్టుకున్న పేరు 'లోయ్‌ల్యు'. చెవుల అంచులు కాలాయి. పది నిమిషాలకి తలుపు తీసుకుని టవల్ చుట్టుకుని వెనక వరండాలోకి వచ్చాం, మైనస్ పది. ఒంటి నుంచి పొగ లేస్తోంది, చలి లేదు. అవతల ఇంకొకాయన అలాగే నిలబడి ఉన్నాడు. ముగ్గురం ఏమీ మాట్లాడుకోలేదు. కాసేపటికి ఆయన "నో నీన్" అని లోపలికి వెళ్ళిపోయాడు.

ఈ ఊరు 2026కి ఐరోపా సాంస్కృతిక రాజధాని కాబట్టి గదుల రేట్లు చూసుకుని బయల్దేరండి. చేతిలో గిటారే లేకుండా వాయిస్తున్నట్టు ఆడే 'ఎయిర్ గిటార్' ప్రపంచ పోటీలు ఇక్కడే ఆగస్టులో, 1996 నుంచి. డిసెంబర్ వద్దు, మూడున్నర గంటలే పగలు. ఫిబ్రవరి ఆఖరులో పది గంటల వెలుగుంటుంది, మంచూ ఉంటుంది.

వెళ్ళే రోజు పొద్దున స్టేషన్ బయట వందలకొద్దీ సైకిళ్ళు, సీట్ల మీద జానెడు మంచు. రైలు దిగినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, మోచేత్తో సీటు తుడుచుకుని, ఎక్కి వెళ్ళిపోతున్నారు.