ఏడాదిన్నరగా వాటర్ కలర్ క్లాసులకు వెళ్తున్నాను, నా కోపం పేపర్ మీదే

వారానికి రెండు సాయంత్రాల చొప్పున ఏడాదిన్నర అయింది. వాష్, గ్లేజింగ్, డ్రై బ్రష్ లాంటివి ఏ క్లాసులోనైనా నేర్పిస్తారు కాబట్టి వాటి జోలికి వెళ్లను. నేను రాయాలనుకున్నది పేపర్ గురించి. దాని వల్ల ఎనిమిది నెలలు నాకు బొమ్మలు వేయడం చేతకాదనే అనుకున్నాను.

వెట్ ఆన్ వెట్‌లో (తడిపిన పేపర్ మీద తడి రంగు వేసే పద్ధతి) ఆకాశం వేయడం దగ్గర మొదలైంది. సార్ వేస్తే మబ్బుల అంచులు మెత్తగా కరిగిపోయేవి. నేను వేస్తే ఒక పక్క రంగు పూసేలోపే రెండో పక్క ఆరిపోయి గీత పడేది. దాన్ని సరిచేద్దామని మళ్లీ నీళ్లు తాకిస్తే సగం ఆరిన రంగును నీరు పక్కకి తోసేసి కాలీఫ్లవర్‌లా మరక కట్టేది. పేపర్ ఉబ్బి గుంటలు పడేది, ఆ గుంటల్లో రంగు నిలిచిపోయేది. కాస్త రుద్దితే నూగు లేచేది. "నీళ్లు ఎక్కువయ్యాయి, చెయ్యి ఇంకా తిరగాలి" అనేవారు సార్. నేనూ నమ్మాను. ఇంట్లో రాత్రిళ్లు కూర్చుని అదే ఆకాశం ముప్పైసార్లయినా వేసి ఉంటాను.

తొమ్మిదో నెలలో, పక్కన కూర్చునే ఆవిడ తన దగ్గర మిగిలిన పేపర్ ముక్క ఒకటి ఇచ్చారు. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు), పూర్తి కాటన్, కోల్డ్ ప్రెస్ (కాస్త గరుకుగా ఉండే రకం). బ్రష్ అదే, అల్ట్రామెరైన్ నీలం అదే. నీళ్లు పూసి చాలాసేపు చూసినా తడి మెరుపు పోలేదు. బ్రష్ మొన తాకించగానే రంగు దానంతటదే పాకింది. మబ్బు అంచు కరిగింది! అది చూస్తుంటే నాకు గొంతు పట్టేసింది. ఆ ముక్క ఇప్పటికీ దాచుకున్నాను.

క్లాసులో మాకిచ్చేది 180 జీఎస్ఎం చెక్కగుజ్జు కాగితం. కాటన్ నార నీటిని లోపల పట్టి ఉంచుతుంది. జిలాటిన్ సైజింగ్ (కాగితానికి పట్టించే జిగురు) ఉంటే రంగు వెంటనే ఇంకిపోకుండా కాసేపు పైనే ఉంటుంది. గుజ్జు కాగితానికి ఆ ఓపిక తక్కువ. సార్ డెమో వేసేది మాత్రం కాటన్ షీట్ మీద! ఆ ఒక్క మాట మాకు ముందే చెప్పి ఉంటే చాలు. గీతలు, కలర్ చార్టులు ప్రాక్టీస్ చేయడానికి గుజ్జు కాగితం సరిపోతుంది, కాదనను. తడిపి, బోర్డుకు గమ్ టేప్‌తో అంటించి బిగుతుగా ఆరబెడితే ముడతలు కూడా చాలావరకు తగ్గుతాయి. అదీ నేను బయటే తెలుసుకున్నాను.

చేరిన కొత్తలో, సార్ స్వయంగా బ్రష్ తీసుకుని దిద్దుతారని అందరికీ గొప్పగా చెప్పేదాన్ని. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. అప్పటి బొమ్మలు తీసి చూస్తే బాగున్న చోట్లన్నీ ఆయన చెయ్యే కనిపిస్తోంది. వెలుగునీడలు చూడటం, ఆరాక రంగు తేలిపోతుందని ముందే కాస్త చిక్కగా వేయడం మాత్రం నిజంగా ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

నాకు పరీక్షలు లేవు, ఎగ్జిబిషన్ తొందరా లేదు. ఉద్యోగం నుంచి వచ్చాక మనసుకి తెరిపి కావాలంతే. అందుకే సొంత పేపర్ తీసుకెళ్తూ కొనసాగుతున్నాను. తక్కువ రోజుల్లో నేర్చుకోవాలనుకునేవాళ్లు చేరేముందు ఏ పేపర్ ఇస్తారో, డెమో దేనిమీద వేస్తారో అడగండి. వచ్చే నెల ఫీజు కట్టేశాను. ఆ తర్వాత మొదలయ్యే పోర్ట్రెయిట్ బ్యాచ్‌కి ఉండాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు.