అల్లాయ్ వీల్ మీది జిగురుకు డబ్ల్యూడీ-40: సగం పనికి పూర్తి మార్కులు

వీల్ బ్యాలెన్సింగ్ చేయించిన ప్రతిసారీ టైరు షాపువాళ్లు పాత వెయిట్లు (చక్రం వణక్కుండా తిరగడానికి రిమ్ముకు అంటించే చిన్న లోహపు ముక్కలు) పీకి కొత్తవి అంటిస్తారు. వెయిట్ ఊడి వస్తుంది, దాని కింది డబుల్ సైడ్ టేపు మాత్రం రిమ్ముకే ఉండిపోతుంది. నాలుగైదుసార్లయ్యేసరికి రిమ్ము లోపలివైపు నల్లటి అట్టలు కడతాయి, బ్రేకు దుమ్మంతా వాటికే పడుతుంది. చూడ్డానికి బాగోదన్నది చిన్న సంగతి. ఆ అట్ట మీదే కొత్త వెయిట్ అంటిస్తే నిలవదు. అది రాలిందంటే హైవే ఎక్కగానే స్టీరింగు వణుకు మళ్లీ మొదలు.

దీనికి మన హార్డ్‌వేర్ కొట్లలో తేలిగ్గా దొరికేది నీలం, పసుపు రంగుల డబ్ల్యూడీ-40 డబ్బా. నిజానికి ఇది జిగురు తీయడానికి పుట్టిన మందు కాదు. 1953లో అమెరికాలోని శాన్ డియాగోలో, లోహం మీది తేమను తరిమి తుప్పును ఆపడానికి చేశారు. నలభయ్యో ప్రయత్నంలో కుదిరింది కాబట్టి పేరులో ఆ 40. లోపల ఎక్కువ భాగం పెట్రోలియం ద్రావకం, కొంత నూనె. జిగురును మెత్తబరిచేది ద్రావకం, ఆ తర్వాత మన పని చెడగొట్టేది నూనె. మంచీ చెడూ రెండూ ఇక్కడే ఉన్నాయి.

మంచి సంగతి ముందు. అల్లాయ్ వీల్ అంటే పైకి అల్యూమినియమే కనిపిస్తున్నట్టున్నా, చాలా వీల్స్ మీద పారదర్శకమైన క్లియర్ కోట్ పొర ఉంటుంది. ముఖాన్ని యంత్రంతో చెక్కి మెరిపించిన డైమండ్ కట్ రకాలక్కూడా అంతే. గట్టిపడిన క్లియర్ కోట్‌ను డబ్ల్యూడీ-40 కరిగించదు. పెయింటర్లు వాడే ఎన్‌సీ థిన్నర్, గోళ్ల రంగు తీసే అసిటోన్ జిగురును దీనికన్నా త్వరగానే తీస్తాయి, కానీ జిగురుతోపాటు కింది పొరనూ మెత్తబరిచి మసకబారుస్తాయి. నెమ్మదిగా పనిచేయడమే ఇక్కడ దీని గుణం.

ఆ నెమ్మదికి తగ్గట్టు వాడాలి. నేరుగా జిగురు మీద స్ప్రే కొట్టి వెంటనే రుద్దితే ఏమీ రాదు, డబ్బా ఖాళీ అవుతుంది. టేపులో మధ్యన ఫోమ్, దానికి రెండువైపులా జిగురు ఉంటాయి. పైనున్న ఫోమ్‌ను దాటి ద్రావకం అడుగుకి దిగదు. కాబట్టి ముందు ఫోమ్‌ను పాత ఏటీఎం కార్డు అంచుతో చెక్కేయాలి. రాకపోతే హెయిర్ డ్రయ్యర్‌తో ఓ నిమిషం వెచ్చబరిస్తే చాలు, చేయి పెట్టలేనంత వేడి వద్దు. హీట్ గన్ అసలే వద్దు.

తర్వాత పాత బనియన్ గుడ్డను జిగురు పట్టినంత మేర కత్తిరించి, దాని మీద రెండు మూడుసార్లు స్ప్రే కొట్టి తడిపి, మచ్చ మీద పరిచి, పైన పాలిథిన్ కవరు ముక్క కప్పాలి. పది నిమిషాలు వదిలేయాలి. నీడలో, వీల్ చల్లగా ఉన్నప్పుడే ఈ పని. ఎండలో కాలిన రిమ్ము మీద ద్రావకం జిగురులోకి ఇంకకముందే ఆరిపోతుంది.

గుడ్డ తీశాక బొటనవేలితో అంచు దగ్గర తోసి చూడండి. ముడతపడి చిన్న చిన్న ఉండలుగా చుట్టుకుంటే అయినట్టే, కార్డుతో ఒకే దిశలో తోసుకుంటూ పోవచ్చు. పనసపాలలా దారాలు సాగితే ఇంకా నానలేదని అర్థం, మరో ఐదు నిమిషాలు. సాగుతుండగానే రుద్దితే జిగురు పోదు సరికదా, పలచగా రిమ్మంతా పాకుతుంది. అన్నట్టు, పనసకాయ కోసేటప్పుడు చేతికి నూనె రాసుకోవడం వెనకున్న సూత్రమూ ఇదే. కాగితం స్టిక్కరు మిగిల్చిన పలచటి జిగురుకైతే కొబ్బరినూనె చాలు, డబ్బా కొనక్కర్లేదు. మెడికల్ షాపులో దొరికే నీలగిరి తైలం కూడా బాగానే తీస్తుంది.

ఇక అసలు చిక్కు. జిగురు పోయాక రిమ్ము మెరుస్తూ కనిపిస్తుంది, చాలామంది అక్కడే ఆపేస్తారు. ఆ మెరుపు నూనెది. దాని మీద కొత్త వెయిట్ అంటిస్తే పాత జిగురు మీద అంటించినదానికన్నా ముందే జారుతుంది. ముందు కారు షాంపూ నీళ్లతో కడిగి ఆరబెట్టాలి. ఆపైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండుసార్లు, ప్రతిసారీ శుభ్రమైన గుడ్డతో తుడవాలి. చేతులకు రాసుకునే శానిటైజర్ పనికిరాదు, అందులో గ్లిసరిన్ ఉంటుంది. కొన్ని రకాల సర్జికల్ స్పిరిట్‌లో ఆముదం కలుపుతారు, సీసా మీద చదివి తీసుకోండి. నూనె పోయిందో లేదో తెలియాలంటే సెల్లోటేపు ముక్క అంటించి లాగండి. పట్టుకుని గట్టిగా వస్తే సరే, జారినట్టు ఊడొస్తే ఇంకోసారి తుడవాలి.

ఈ డబ్బాతో అసలు ప్రమాదం వీల్‌కి కాదు, బ్రేకుకి. వీల్ బండికే ఉండగా చువ్వల మధ్య నుంచి స్ప్రే కొడితే తుంపర డిస్కు మీదా, ప్యాడ్ల మీదా పడుతుంది. నూనె పీల్చిన ప్యాడు సరిగ్గా పట్టదు. అందుకే వీల్ విప్పి, దూరంగా పెట్టుకుని చేయాలి. బిగించేటప్పుడు నట్లు ఎదురెదురుగా, మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కి (బిగింపు బలానికి) బిగించాలి. విప్పడం కుదరకపోతే స్ప్రే గుడ్డ మీదే, వీల్ వైపు ఎప్పుడూ కాదు. పాలీకార్బొనేట్ ప్లాస్టిక్ మీద దీన్ని వాడొద్దని తయారీదారులే చెబుతారు కాబట్టి మధ్యలోని ప్లాస్టిక్ క్యాపు ముందే తీసి పక్కన పెట్టండి. టైరుకు తగిలితే వెంటనే తుడిచేయాలి. బీడీ, సిగరెట్టు దగ్గరికి రానివ్వొద్దు.

స్క్రూడ్రైవర్, ఆకుపచ్చ స్క్రబ్బర్, ఇనుప పీచు, బాత్రూమ్ యాసిడ్, కాస్టిక్ సోడా ఏవీ వద్దు. అల్యూమినియాన్ని యాసిడ్‌తోపాటు గాఢమైన క్షారమూ తినేస్తుంది. స్క్రూడ్రైవర్ గీత చిన్నదే కదా అనిపిస్తుంది గానీ, ఆ గీతలోంచి తేమా ఉప్పూ దిగితే క్లియర్ కోట్ కింద తెల్లటి పురుగు జాడల్లాంటి తుప్పు పాకుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఇది మరీ త్వరగా కనిపిస్తుంది. క్లియర్ కోట్ ఇప్పటికే పొక్కు లేచి ఉంటే ఆ అంచు దగ్గర కార్డు పెట్టొద్దు, పొర మొత్తం లేచి వస్తుంది.

నాలుగు వీల్స్‌కి చిన్న డబ్బా ఒకటి చాలు, పెద్దది కొంటే మిగిలింది తలుపుల బందులకు. ఐదుకి మూడున్నర మార్కులు. ఫోమ్ మీద చేతకానితనానికి అర, నూనె మిగిల్చినందుకు ఒకటి కోత. జిగురు కోసమే కొనేవాళ్లు, ప్రత్యేకంగా అడ్హెసివ్ రిమూవర్ దొరికితే అదే తీసుకోవచ్చు; కొనేముందు డబ్బా మీద ‘కార్ పెయింట్ సేఫ్’ అని రాసుందో లేదో చూసి, రిమ్ము లోపలి మూల ఒక చుక్క వేసి పరీక్షించండి. కొత్త వెయిట్ అంటించేటప్పుడు టేపుకి వేలు తగలనీయకుండా పదిహేను సెకన్లు గట్టిగా నొక్కమని షాపతనికి చెప్పండి, ఆ రోజుకి ప్రెషర్ వాష్ మానేయండి.