ఆర్‌పీఎమ్మా, హెర్ట్జా, రేడియన్లా: మోటార్ దగ్గర ఏది మేలు?

నన్నడిగితే, మోటార్ పక్కన నిలబడి మాట్లాడుకునేటప్పుడు ఆర్‌పీఎమ్‌ని మించింది లేదు. నేమ్‌ప్లేట్ మీద 1440 అని ఉంటే, ఫుల్ లోడ్‌లో షాఫ్ట్ నిమిషానికి అన్ని చుట్లు తిరుగుతుందని అర్థం, టాకోమీటర్ పెట్టినా అదే భాషలో చెబుతుంది. మార్చడం కూడా పెద్ద విద్యేం కాదు: 60తో భాగిస్తే హెర్ట్జ్, అంటే సెకనుకు ఎన్ని చుట్లో; 9.55తో భాగిస్తే సెకనుకు రేడియన్లు, అంటే తిరిగిన కోణం (ఒక చుట్టుకి 2పై రేడియన్లు). అంటే 1440 ఆర్‌పీఎమ్ 24 హెర్ట్జ్, సెకనుకు దాదాపు 151 రేడియన్లు.

తంటా అంతా హెర్ట్జ్ అనగానే అది దేని హెర్ట్జ్ అన్నదగ్గరే వస్తుంది.

పనిలో చేరిన కొత్తలో ఒక కన్వేయర్ మోటార్‌ని 1000 ఆర్‌పీఎమ్‌కి పెట్టమన్నారు. డ్రైవ్ (మోటార్ వేగాన్ని మార్చే పెట్టె) తెర మీద హెర్ట్జ్ కనిపిస్తోంది కదా అని, 1000ని 60తో భాగించి, ధీమాగా 16.7 కొట్టాను. బెల్టు పెళ్లి ఊరేగింపులా కదిలింది! టాకో పెట్టి చూస్తే 480 చిల్లర. డ్రైవ్ చూపించేది షాఫ్ట్ తిరుగుడు కాదు, మోటార్‌కి పంపే కరెంటు ఫ్రీక్వెన్సీ. నాలుగు పోల్స్ (అయస్కాంత ధ్రువాలు) ఉన్న ఇలాంటి మోటార్‌లో కరెంటు రెండు సైకిళ్లు పూర్తిచేస్తేగానీ అయస్కాంత క్షేత్రం ఒక చుట్టు తిరగదు, కాబట్టి 33.3 పెట్టాలి, షాఫ్ట్ ఎలాగూ కాస్త వెనకబడుతుంది గనుక లోడ్‌ని బట్టి ఇంకో హెర్ట్జో రెండో పైన. మన 50 హెర్ట్జ్ లైన్ మీద 1500 రావాల్సింది 1440 దగ్గర ఆగేది ఆ స్లిప్ వల్లే. చాలా డ్రైవ్‌లలో తెర మీద ఆర్‌పీఎమ్ కనిపించేలా సెట్టింగ్ ఉంటుంది, మార్చేసుకోండి, కాకపోతే ఎన్‌కోడర్ (షాఫ్ట్ తిరుగుడుని కొలిచే సెన్సర్) లేకపోతే అది కూడా లెక్కకట్టిన అంకే, కొలిచింది కాదు.

వైబ్రేషన్ చూసేటప్పుడు మాత్రం హెర్ట్జ్ హాయి. 1440 మోటార్‌లో 24 దగ్గర ఎత్తు కనిపిస్తే అన్‌బ్యాలెన్స్‌ని (తిరిగే భాగంలో బరువు ఒక పక్కకి ఎక్కువవడం), దానికి రెట్టింపు 48 దగ్గర అయితే అలైన్‌మెంట్‌ని (షాఫ్ట్‌లు ఒకే గీతలో ఉన్నాయా లేదా) ముందు అనుమానిస్తాం, లైన్ 50కి రెట్టింపైన 100 దగ్గరుంటే కరెంటు వైపు చూస్తాం. కానీ రెండు పోల్స్ మోటార్ 2970లో తిరుగుతుంటే షాఫ్ట్ వేగానికి రెట్టింపు 99 హెర్ట్జ్, కరెంటుది 100. పక్కపక్కనే ఉంటాయి, ఒకటే అనుకుని పొరబడతాం. అదే నిమిషానికి సైకిళ్లలో చూస్తే 5940, 6000. యూనిట్ మార్చినంత మాత్రాన మీటర్ రిజల్యూషన్ పెరగదు, నిజమే, కానీ 60 తేడా కంటికి ఆనినట్టు 1 తేడా ఆనదు. పాతకాపులు నిమిషానికి సైకిళ్లనే పట్టుకుని వేలాడతారంటే నాకు తప్పనిపించదు.

ఇక రేడియన్లు. షాపు ఫ్లోర్ మీద ఎవరూ మాట్లాడరు, టార్క్ (షాఫ్ట్‌ని తిప్పే బలం) లెక్క వేసేటప్పుడు మాత్రం తప్పవు. 3.7 కిలోవాట్లు, అంటే మన 5 హెచ్‌పీ మోటార్: 3700ని 151తో భాగిస్తే 24.5 న్యూటన్ మీటర్లు. 151 బదులు 1440తో భాగించారో, 2.6 వస్తుంది, దాన్ని నమ్మి కప్లింగ్ (రెండు షాఫ్ట్‌లని కలిపే భాగం) కొంటే మొదటి స్టార్ట్‌కే ముక్కలు ఏరుకోవాలి. రేడియన్ల గొడవ వద్దనుకుంటే కిలోవాట్లని 9550తో గుణించి ఆర్‌పీఎమ్‌తో భాగించండి. నేను చేసేది అదే, 2పై, 60 రెండూ ఆ 9550లోనే ఉన్నాయి.