స్పామ్ కాల్స్‌ను ఆటపట్టిస్తుందని అమ్మే పెట్టెను కొనేముందు ఇది చదవండి

టెలిఫోను లైనుకూ ఫోనుకూ మధ్య తగిలిస్తే చాలు, స్పామ్ కాల్స్ చేసే యంత్రాలను అదే ఏమార్చి తిప్పలు పెడుతుందని చెప్పి అమ్ముతున్న ఒక చిన్న పెట్టెను నేను నాలుగు నెలల క్రితం కొన్నాను. అది పనిచేయకపోవడంతోనే వ్యవహారం ముగిసి ఉంటే ఈ హెచ్చరిక రాసేవాణ్ని కాదు. నాకు ఏ సంబంధమూ లేని ఒక మనిషి దానివల్ల రాత్రంతా వేదన పడ్డారు. అందుకే ఇలాంటి పరికరాన్ని కొనాలనుకుంటున్నవాళ్లకు జరిగింది జరిగినట్టు చెప్పడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

అమ్మకందారు మూడు పనుల గురించి గొప్పగా చెప్పారు. కాల్ రాగానే ఈ నంబరు వాడుకలో లేదని తెలిపే స్వరాలు వినిపించి డయలింగ్ యంత్రాన్ని నమ్మించడం ఒకటి. అయినా లైను వదలనివాళ్లను ‘ఒకటి నొక్కండి, రెండు నొక్కండి’ అంటూ ముగింపు లేని మెనూలో తిప్పడం రెండోది. కాల్ చేసిన నంబరుకే పదేపదే తిరిగి కాల్ చేసి విసిగించడం మూడోది.

మొదటిది పూర్తిగా కల్పన కాదు, అందుకే నేను నమ్మాను. సుమారు 950, 1400, 1800 హెర్ట్జ్‌ల మూడు స్వరాలు ఒకదాని వెంట ఒకటి, ఒక్కొక్కటి సెకనులో మూడో వంతు సేపు వినిపిస్తే, ఆ కాల్ కలవలేదని అర్థం. ఒకప్పటి డయలింగ్ యంత్రాలు ఈ స్వరాలను చెవితో విన్నట్టే విని, ఆ నంబరును తమ జాబితాలోంచి తీసేసేవి. 2000 దశకం మొదట్లో అమెరికాలో టెలిజాపర్ అనే పరికరం ఈ కిటుకు మీద ఆధారపడే అమ్ముడుపోయింది. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. నిజంగా వాడుకలో లేని నంబరైతే ఆ స్వరాలు ఎవరూ ఫోను ఎత్తకముందే నెట్‌వర్కు నుంచి వస్తాయి. ఈ పెట్టె మాత్రం ఫోను ఎత్తితే తప్ప వాటిని వినిపించలేదు. ఫోను ఎత్తిన మరుక్షణమే కాల్ కలిసిందన్న సంకేతం, మాటలు ప్రయాణించే దారితో సంబంధం లేకుండా, విడిగా అవతలికి చేరిపోతుంది.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. మా ఫోను ఇంటర్నెట్ అడాప్టరు ద్వారా నడుస్తుంది కాబట్టి ఆ అడాప్టరు పంపే సందేశాలను నెట్‌వర్కులో నడిచే సందేశాలను చూపించే వైర్‌షార్క్ అనే సాఫ్ట్‌వేర్‌తో పట్టి చూశాను. పెట్టె ఫోను ఎత్తగానే కాల్ కలిసిందని తెలిపే ‘200 ఓకే’ అనే సందేశం (ఇంటర్నెట్ కాల్స్‌ను కలపడానికి వాడే సిప్ అనే పద్ధతిలోది) బయటికి వెళ్లింది. మొదటి స్వరం మొదలైంది దాదాపు అర సెకను తర్వాత. అంటే ‘ఇంట్లో ఎవరూ లేరు’ అని చెప్పడానికి మనమే వెళ్లి తలుపు తీసినట్టయింది. పెట్టె పెట్టకముందు రోజుకు నాలుగైదు వచ్చే కాల్స్ మూడో వారానికి పది దాటాయి.

మెనూ సంగతి క్లుప్తంగా చెబుతాను. అవతల ఉన్నది మనిషైతే వాళ్ల సమయం కొంత వృథా అవుతుంది, అది నిజమే. రికార్డు చేసిన గొంతుతో మాట్లాడే యంత్రానికి మాత్రం విసుగూ ఉండదు, అలుపూ ఉండదు. ఆ సేపంతా బిజీగా ఉండేది మన లైనే. ఒక రోజు ఆసుపత్రి నుంచి పరీక్ష సమయం మారిందని చెప్పడానికి వచ్చిన కాల్ కూడా ఆ మెనూలోనే చిక్కుకుపోయింది.

అన్నిటికంటే నన్ను ఎక్కువగా బాధపెట్టింది మూడో పని. మనకు కనిపించే కాలర్ ఐడీ అవతలివాళ్ల వైపు నుంచి నింపి పంపిన అంకెలే తప్ప కాల్ నిజంగా అక్కడి నుంచే వచ్చిందనడానికి సాక్ష్యం కాదు. స్పామర్లు ఎవరెవరివో నంబర్లను తమవిగా చూపిస్తారు. ఈ విషయం నాకు తెలిసి కూడా, అమ్మకందారు మాట మీద ఆ సౌకర్యాన్ని ఒక రాత్రి నడవనిచ్చాను. మర్నాడు ఉదయం ఒక పెద్దావిడ ఫోను చేసి, ‘రాత్రి నుంచి ఇరవైసార్లకు పైగా మీ నంబరు నుంచి కాల్ వచ్చింది, ఎత్తితే ఏదో యంత్రం మాట్లాడుతోంది, నేను మీకేం చేశాను బాబూ?’ అని అడిగారు. ఆవిడ కొడుకు దూరంలో ఉంటాడట. అర్ధరాత్రి ఫోను మోగిన ప్రతిసారీ అతనికేమైనా అయిందేమోనని పరుగెత్తి ఎత్తారట. ఆవిడకు క్షమాపణ చెప్పాను, చెప్పినా ఆ రాత్రిని తిరిగి ఇవ్వలేను కదా. దయచేసి ఇలాంటి ఎదురు కాల్ సౌకర్యాన్ని ఏ పరికరంలోనూ వాడకండి. అందులో దెబ్బ తగిలేది స్పామర్‌కు కాదు, అతను ఎవరి నంబరును దొంగిలించాడో వాళ్లకు.

ఆ తర్వాత పెట్టెను మరింత పరిశీలిస్తే, దాని సెట్టింగుల పేజీకి కర్మాగారంలో పెట్టిన పాస్‌వర్డే ఉందనీ, దాన్ని మార్చే వీలే లేదనీ, పైగా అది నన్ను అడగకుండా రూటరులో బయటి ప్రపంచానికి ఒక పోర్టు, అంటే ఇంటర్నెట్ నుంచి లోపలికి వచ్చే దారి, తెరిచి ఉంచిందనీ తేలింది. ఫోను లైనుకు తగిలించిన పరికరానికి ఇలాంటి కన్నం ఉంటే, ఎవరో దానిలోకి దూరి మన ఖర్చుతో విదేశాలకు కాల్స్ చేసుకోగలరు.

కాబట్టి ఇలాంటిది కొనేముందు ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: ఇది కాల్‌ను ఎత్తకుండానే తిరస్కరిస్తుందా, ఎత్తిన తర్వాత స్వరం వినిపిస్తుందా? రెండోదే అని చెబితే, లేదా జవాబు దాటవేస్తే, కొనకండి. సాంకేతిక విషయాల మీద ఆసక్తి ఉన్నవాళ్లు ఇంటర్నెట్ లైను మీద కంప్యూటరును సొంత టెలిఫోను ఎక్స్చేంజిలా పనిచేయించే ఆస్టరిస్క్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను పెట్టుకోవచ్చు. అది కాల్‌ను ఎత్తకుండానే ‘404’ అనే జవాబు పంపగలదు. మధ్యలోని కంపెనీలు దాన్ని మార్చకుండా ముందుకు పంపితే అవతలి యంత్రానికి అందేది అసలైన ‘నంబరు లేదు’ సంకేతమే. తెలిసిన నంబర్ల జాబితాను ముందే చేర్చుకుని, మిగిలినవాటిని వాయిస్ మెయిల్‌కు పంపడం ఇంకా తేలిక. ఇప్పుడు నేను చేస్తున్నది అదే.

సీలు విప్పారన్న కారణంతో అమ్మకందారు డబ్బు వాపసు ఇవ్వలేదు. ఇప్పటికే ఇలాంటి పెట్టె మీ దగ్గర ఉంటే, దాన్ని ఇంకొకరికి ఇచ్చేముందు దాని మెమరీని పూర్తిగా చెరిపేయండి. నా పెట్టెలో నాలుగు నెలల కాల్స్ జాబితాతో పాటు, నేను ఎప్పుడూ రికార్డు చేయమనని సంభాషణలు కూడా ఉన్నాయి.