మహారాణిపేట హిస్టాలజీ ల్యాబు: అండాశయాల పని మెచ్చదగినది, చిక్కంతా వృషణాల దగ్గరే

విశాఖపట్నం మహారాణిపేటలో ఒక మేడ మీద నడుస్తున్న చిన్న హిస్టాలజీ ల్యాబులో (కణజాలాన్ని పలుచగా కోసి మైక్రోస్కోపు కింద చూడటానికి సిద్ధం చేసే చోటు) గత వేసవిలో 24 ఎలుకల అవయవాలకు స్లైడ్లు చేయించుకున్నాను. ఒక పొరపాటు గురించి కూడా చెప్పవలసి ఉన్నందున ల్యాబు పేరు రాయడం లేదు. అవి విస్టార్ అనే ప్రయోగశాల జాతివి. వాటిలో సగానికి 90 రోజులపాటు నోటి ద్వారా ఎథినైల్ ఎస్ట్రడయాల్ ఇచ్చాము, మిగతా సగానికి మందు కలపని నూనె మాత్రమే ఇచ్చాము. గర్భనిరోధక మాత్రల్లో వాడే ఈ కృత్రిమ ఈస్ట్రోజెన్ 1938 నాటిది. సహజమైన ఎస్ట్రడయాల్‌ను మింగితే చాలావరకు పేగుల్లోను, కాలేయంలోను చెడిపోతుంది. 17వ కార్బన్‌కు తగిలించిన ఎథినైల్ సమూహం వల్ల ఇది అంత తొందరగా చెడదు.

ఆడ ఎలుకకు ఋతుచక్రం 4 నుంచి 5 రోజులు ఉంటుంది. ఈస్ట్రోజెన్ బయటి నుంచి విరామం లేకుండా అందుతూ ఉంటే హైపోథాలమస్, పీయూష గ్రంథి అణగిపోయి, అండం విడుదలకు కావలసిన ఎల్‌హెచ్ అనే పీయూష గ్రంథి హార్మోను ఒక్కసారిగా పెరగడం ఆగిపోతుంది. అండం విడుదల కానిచోట కొత్త కార్పస్ లూటియం (అండం వెళ్లిపోయాక ఆ చోట మిగిలే చిన్న గ్రంథి) ఏర్పడదు కనుక, అవి ఉన్నాయా లేవా, ఉంటే ఎన్ని అన్నదాని మీదే మా ఫలితమంతా నిలుస్తుంది. ఒక్క సెక్షన్, అంటే ఒక్క పలుచని కోత, చూసి లేదని తేల్చడానికి వీల్లేదు. అది ఒక పక్కన ఉండి, మైక్రోటోమ్ బ్లేడు మరో పక్కన తెగి ఉండవచ్చు. ఇంతకుముందు నేను వెళ్లిన చోట అవయవానికి ఒక్క స్లైడు ఇచ్చి సరిపెట్టేవారు. ఇక్కడి టెక్నీషియన్ గారు మాత్రం నేను అడగకముందే, "అండాశయమంటే ఈ కొస నుంచి ఆ కొస దాకా కొయ్యాలి కదండీ" అని, 5 మైక్రాన్ల మందంతో వరుసగా కోసి, ప్రతి పదో సెక్షన్‌ను వరుస సంఖ్య వేసి మరీ ఇచ్చారు. పుట్టిన తొలి రోజుల్లో డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్ అనే మరో కృత్రిమ ఈస్ట్రోజెన్ ఇచ్చిన చిట్టెలుకల్లో ఒకే పుటికలో (అండం పెరిగే సంచిలో) రెండు మూడు అండాలు కనిపిస్తాయి; అటువంటివి లెక్కపెట్టవలసిన వారికి ఈ వరుస కోతలు మరింత అవసరం.

గర్భాశయం స్లైడ్లలో ఉబ్బిన గ్రంథులు, లోపొరలో పొలుసు కణాలుగా మారిన చోట్లు స్పష్టంగా తెలిశాయి. కణ కేంద్రకాలకు పట్టే హెమటాక్సిలిన్ రంగు కొన్నిటిలో కాస్త ముదిరింది, అంతే.

ఇక వృషణాలు. వాటికి కణజాలం చెడకుండా నిలబెట్టే బూయిన్ ద్రావణం కావాలని కాగితం మీద రాసి ఇచ్చాను. ల్యాబు నుంచి వచ్చిన సీసాల్లో ఉన్నది మామూలు ఫార్మలిన్. పిక్రిక్ ఆమ్లం వల్ల బూయిన్ పసుపుపచ్చగా ఉంటుంది. సీసాలో నీళ్లలాంటి ద్రవం చూసి కూడా అడగకపోవడం నా తప్పే. ఫార్మలిన్‌లో వృషణనాళికలు ముడుచుకుపోయి, కణాల మధ్య ఖాళీలు ఏర్పడతాయి. ఈస్ట్రోజెన్ వల్ల ఎల్‌హెచ్, దానితో టెస్టోస్టెరాన్ తగ్గి, శుక్రకణాల వరుసలు పలచబడటమే మేము వెతుకుతున్న మార్పు. రెండూ చూపుకు కలిసిపోయేటంత దగ్గర. మందు ఇవ్వని ఎలుకల నాళికలు కూడా అలాగే కనిపించబట్టి దోషం ఎక్కడుందో తెలిసింది గాని, లేకపోతే మందు చేయని హానిని కూడా మందు ఖాతాలోనే రాసేవాళ్లం. అదృష్టవశాత్తు రెండో వృషణాన్ని శుక్రకణాల లెక్కకోసం విడిగా దాచుకున్నాము. ఫిర్యాదు చేస్తే ల్యాబువారు వాదించకుండా ఆ స్లైడ్ల డబ్బు తగ్గించారు, కాని పాడైన కణజాలం తిరిగి రాదు.

పది రోజులన్నది మూడు వారాలు పట్టింది. కణజాలాన్ని పొదిగిన పారాఫిన్ మైనపు బ్లాకులు అడగకుండానే తిరిగి ఇచ్చారు. స్లైడ్లను మాత్రం అట్టపెట్టెలో ఇచ్చారు. ఈ ఊరి సముద్రపు తేమకు వానకాలంలో అట్టకు బూజు పట్టడం ఎంతసేపు, అందుకే ఇంటికి రాగానే ప్లాస్టిక్ పెట్టెలోకి మార్చుకున్నాను. వచ్చే విడత అండాశయాలు కూడా అక్కడికే తీసుకువెళ్తాను. బూయిన్ మాత్రం మా గదిలోనే కలుపుకుని, సీసా మీద పేరు రాసి, రంగు చూసి మరీ పట్టుకెళ్తాను.